రాడార్ వచ్చిన వానకాలం

పెళ్లయినప్పటి నుంచి సునంద వానకాలాలన్నీ దంతాలపల్లిలో ఒంటరిగానే గడిచాయి. భర్త జగపతిది భూపాలపల్లి దగ్గర వాగు ప్రవాహాన్ని కొలిచే ఉద్యోగం. ఎండాకాలమంతా ఇంటికి వస్తూ పోతూ ఉంటాడు. మబ్బు పట్టిందంటే మనిషి దొరకడు. చూరు ధారలు కడుతుంటే పక్కన కూర్చుని వేడివేడి మక్కగారెలు తినే మనిషి కావాలని ఆమెకు ఎంత ఆశో, ఎవరికీ చెప్పుకోలేదు.

ఈ ఏడు ఆ వాగు మీది వంతెనకు రాడార్ బిగించారు. నీళ్లను తాకకుండానే వేగం చెబుతుందట. "ఇగ వానలల్ల ఇంట్లనే ఉంట," అన్నాడు జగపతి. ఆ మాట పట్టుకుని ఆమె వసారాలో మంచానికి కొత్త నవారు అల్లించింది.

ముసురు పట్టాక జగపతి నుంచి ఫోన్ వచ్చింది.

"రాడార్ పైనీళ్లనే చూస్తది సునందా. అడుగు నీళ్లు నెమ్మదిగ పోతయి. వరదల మేం చేత్తోటి కొలిచి దాని లెక్క సరిచెయ్యాలె. గీ ఒక్క వానకాలం ఓపిక పట్టు."

"మిషన్ మిమ్మల్ని ఇంటికి పంపుతదనుకున్న. ఇంకింత కట్టేసింది గదా," అంది సునంద.

మరునాడు గారెలు డబ్బాలో సర్దుకుని తొర్రూరులో బస్సెక్కింది.

వంతెన మీద జగపతి వీపే కనిపించింది. తీగకు కట్టిన మీటరు ఎర్రటి వరదలో మునిగి ఉంది. అది తిరిగినప్పుడల్లా చెవికి పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో వినిపించే టిక్కులను లెక్కపెడుతున్నాడు. అలికిడికి తిరిగి చూశాడు. ముఖం విప్పారింది. నోరు తెరవబోయి, ఆగమన్నట్టు చెయ్యెత్తి మళ్లీ నీళ్లవైపు తిరిగాడు.

"ఏమనుకోకు వదినా, నడుమల మాట్లాడితే లెక్క మల్ల మొదటికొస్తది," అన్నాడు గొడుగు పట్టుకున్న తోటి ఉద్యోగి ఐలేశ్. "అన్నకు వానకాలం పెండ్లాం గిదే."

"సవతి ఎట్లుందో చూద్దామనే వచ్చిన," అంటూ సునంద అతని చేతిలోని గొడుగు తీసుకుంది.

వంతెన గోడ మీద వరుసగా రంగు గుర్తులున్నాయి. ఒక గుర్తు దగ్గర కొలిచి, మీటరు పైకి లాగి, తరువాతి గుర్తు దగ్గరికి నడవాలి. ఆ నడిచే కాసేపే జగపతికి మాట్లాడే వీలు.

"తడిసినవా?" అన్నాడు మొదటిసారి.

మరో గుర్తుకు నడుస్తూ, "నవారు బిగువుగ వచ్చిందా?" అన్నాడు.

"మీరొచ్చి కూసుంటెనే తెల్వాలె."

అతను నవ్వి, మీటరు దించి, మళ్లీ లెక్కలో పడ్డాడు. అవతలి ఒడ్డు దగ్గరపడుతోంది. అక్కడితో పని అయిపోతుంది, ఆమె బస్సుకూ వేళవుతుంది. మిగిలిన గుర్తుల వైపు చూస్తూ, ఈ వాగు ఇంకాస్త వెడల్పుంటే బాగుండుననుకుంది సునంద.