మూడో నంబరు గేర్‌బాక్సు ఉపవాసాలు

"ఉల్లిపాయ వెయ్యని ఉప్మా కూడా ఒక ఉప్మాయేనా?" అని తిరుమలరావు ప్రతి శనివారం అంటాడు. రెండోసారి వడ్డించుకున్నాక అంటాడు. ఆ శనివారం మాత్రం ఏమీ అనలేదు. ప్లేటు పక్కకు నెట్టి లాప్‌టాప్ ముందుకు లాక్కుని, నిట్టూర్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సుచిత్రకు అనుమానమొచ్చింది. ఉప్మాను కూడా విమర్శించలేనంత కష్టం ఈ మనిషికి ఏం వచ్చిపడిందా అని.

మొగుడూ పెళ్లాలిద్దరికీ ఛత్తీస్‌గఢ్‌లో హత్‌ఖోజ్ వైపున్న ఒకే ప్రైవేటు రోలింగు మిల్లులో ఉద్యోగం. రిసాలి నుంచి ఒకే స్కూటర్ మీద వెళ్తారు. గేటు దాటాక మాత్రం దారులు వేరు. ఆయనది డేటా సెల్. ఏసీ గది, గోడంత తెర, మిల్లులో ప్రతి మిషనుకూ అతికించిన సెన్సర్లు పంపే వేడీ, అదురూ, ఆ తెర మీద పరిగెత్తే గీతలు. బిగ్ డేటా అని అక్కడ ఎవరైనా అంటే కుర్చీలో కాస్త నిటారుగా కూర్చుంటారు. ఆమెది నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ సెల్. పేరు చూసి పెద్దదనుకునేరు, ఒకప్పటి స్టోరు రూము, అందులో ఈమె ఒక్కతే. రిటైరు కాబోయే పనివాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల బుర్రలో ఉన్నది వాళ్లతోపాటు గేటు దాటిపోకుండా రికార్డు చెయ్యాలి. లైబ్రరీ సైన్సులో పీజీ చేసింది కాబట్టి ఆ పనిచ్చారు. ఆడమనిషి కాబట్టి మీటింగులకు సమోసాలు తెప్పించే పని కూడా ఇచ్చారు. రెండో సంగతి అపాయింట్‌మెంట్ ఆర్డర్లో లేదు, ఆ పనిలో తేడా వస్తే మాత్రం మెమో ఇస్తారు.

"సుచీ, నీకేం అర్థం కాదు గానీ, ఒకసారి ఇటు చూడు," అన్నాడు తిరుమలరావు.

చూసింది. మూడో నంబరు గేర్‌బాక్సు. రోజూ పొద్దుటి షిఫ్టులో పది దాటాక అదురు పెరుగుతుంది, గీత ఎర్రబడుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు దానంతటదే చల్లబడుతుంది. బేరింగులు పోయాయన్నారు, మార్చారు. కొత్త బేరింగులూ అదే పాట. పైగా ఇంకో వింత. శనివారాలు ఆ ఎరుపు సగానికి సగం తగ్గుతుంది. దసరా నవరాత్రుల్లో అయితే గేర్‌బాక్సు ముత్యంలా ఉంది.

"మత్లబ్, మిషన్‌కి వారం తెలుసా? తిథి తెలుసా? ఏడాది డేటా ఉంది నా దగ్గర, యార్. పవర్ సప్లయ్ చూశాం, స్టీల్ గ్రేడ్ చూశాం, కుఛ్ నహీ. సోమవారం శ్యామసుందర్ సార్‌కి ప్రెజెంటేషన్. మిల్లు ఆపి గేర్‌బాక్సే మార్చెయ్యమని చెప్పేస్తాను, బస్."

సుచిత్రకు ఆ గీత చూస్తూంటే నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే జవాబూ వచ్చింది. క్యాంప్ వన్‌లో ఉండే నూకరాజు అని, మిల్లులో ఫిట్టరు, పోయిన ఏడాది రిటైరయ్యాడు. అతణ్ణి రికార్డు చేస్తున్నప్పుడు ఆఖర్న టీ తాగుతూ అన్నాడు: "నాలుగో నంబరు మీద ఎడితే మాడిపోద్దమ్మా. మూడో నంబరు మూత బల్లపరుపుగా ఉంటాది, దాని మీద కేరేజీ ఎట్టీసి ఎల్లిపోతే మజ్జాన్నానికి పులుసు సమంగా ఎచ్చబడతాది. ఇది రాయకు తల్లీ, సాబులకి తెలిస్తే కేకలేస్తారు." షిఫ్టులో సగంమంది శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినవాళ్ల పిల్లలు. శనివారం వెంకన్నబాబు పేరు చెప్పి అన్నం ముట్టరు, కేరేజీ తెచ్చుకోరు. నవరాత్రుల్లో హిందీవాళ్లూ, ఛత్తీస్‌గఢీవాళ్లూ కూడా ఉపవాసమే. పది దాటాక మూత మీద చేరిన ఆ స్టీలు కేరేజీలన్నీ కలిసి గడగడలాడితే, పక్కనే అతికించిన సెన్సరు పాపం ఏం చేస్తుంది? బేరింగు పోయిందని మొత్తుకుంటుంది.

చెప్పడానికి నోరు తెరిచింది. ఇంతలో తిరుమలరావే అన్నాడు. "నువ్వేం చెప్పక్కర్లేదు, ఊరికే వింటూ ఉండు. నీతో మాట్లాడుతూంటే నాకే అన్నీ తడతాయి."

సుచిత్ర ఆయన నెట్టేసిన ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాకే తడతాయట. ఎక్కణ్ణుంచి తడతాయి మహానుభావుడికి? పోయినేడు రోలింగు స్టాండు దగ్గర నీళ్ల వాసన మారితే రోలరు అరిగినట్టేనని పాతవాళ్లు పసిగడతారండీ అని తను భోజనాల దగ్గర చెప్పింది, ఆయన చేపముక్కలో ముల్లు తీసుకుంటూ విన్నాడు. వారం తిరక్కుండా అది ఆయన స్లైడులో 'కీ ఇన్‌సైట్' అయి కూర్చుంది, కింద ఆయన పేరుతో. అంతకుముందు కూలింగు బెడ్డు సంగతీ అంతే. దానికి ఆయనకు షీల్డు ఇచ్చారు. వేదిక మీద మైకు పట్టుకుని, నా సక్సెస్ వెనక నా భార్య పెట్టే టీ ఉంది అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, తను కూడా కొట్టింది, ఏడవలేక. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా. ఇప్పుడా షీల్డు టీవీ పక్కన ఉంది, దాని మీద దుమ్ము తుడిచేదీ తనే. ఒకసారి ఉండబట్టలేక అత్తగారి దగ్గర అంటే, పైడమ్మ తమలపాకు ఈనె తీస్తూ తీర్పు చెప్పేసింది. "మొగుడూ పెళ్లాల మద్దిన నీదేటి, నాదేటి? ఆడికొస్తే నీకొచ్చినట్టు కాదేటి?" కాదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తనకు వచ్చినట్టు అనిపించలేదు. ఆ మాట అనాలనుకుంది, పాలు పొంగుతుంటే వంటింట్లోకి పరిగెత్తింది. ఈ ఇంట్లో తను అనాలనుకున్న మాటలన్నీ అలా పొంగే పాలు అడ్డంపడే పోయాయి.

ఆదివారమంతా ఆ జవాబు సుచిత్ర గొంతులో తిరుగుతూనే ఉంది. బట్టలు ఆరేస్తుంటే నాలిక చివరికొచ్చింది. ఇడ్లీపిండి రుబ్బుతుంటే మళ్లీ వచ్చింది. చెప్పేస్తే ఆయన మొహం వెలుగుతుంది, అది చూడ్డం తనకూ ఇష్టమే, అందులో దాపరికమేం లేదు. కాని రేపు ఆ వెలుగు ప్రొజెక్టరు ముందు నిలబడి, "లోతుగా విశ్లేషిస్తే తెలిసిందేమంటే" అని మొదలుపెడుతుంది. తను వెనక గోడ దగ్గర సమోసాలు లెక్కపెట్టుకోవాలి. చెప్పకపోతే మంచి గేర్‌బాక్సును పీకి పారేస్తారు, ఈయన నవ్వులపాలవుతాడు. అదీ వద్దు. ఎవరి నోటితో చెప్పాలన్నదే పేచీ. నా నోరు నాకుండగా అనుకుంది సుచిత్ర.

న్యాయంగా ముందే చెప్పింది కూడా. సోమవారం స్కూటరు వెనక కూర్చుని, "ఆ మూడో నంబరు గురించి నాకో సంగతి తెలుసండీ. మీటింగులో నేనే చెప్తాను," అంది.

"చెప్పు, చెప్పు," అన్నాడు హెల్మెట్టులోంచి నవ్వుతూ. "సమోసాలు మాత్రం వేడిగా ఉండేట్టు చూడు, లాస్ట్ టైమ్ సార్ ఫీలయ్యారు."

మీటింగు పదకొండింటికి. తిరుమలరావు బాగానే మాట్లాడాడు, గీతలు చూపించాడు, చివరికి గేర్‌బాక్సు మార్చాలన్నాడు. మిల్లు హెడ్ శ్యామసుందర్ నుదురు రుద్దుకుంటుండగా సుచిత్ర లేచి నిలబడింది.

"హా సుచిత్రాజీ, సమోసా ఆగయా?" అన్నాడాయన ఆశగా.

"రాలేదు సార్. నేను గేర్‌బాక్సు గురించి మాట్లాడాలి."

తిరుమలరావు ఆమెవైపు చూసిన చూపు, నడిరోడ్డు మీద కొంగు జారిన పెళ్లాన్ని చూసినట్టుంది. సుచిత్ర తెర దగ్గరికి నడిచింది. కేరేజీల సంగతి చెప్పింది, శనివారాలు చెప్పింది, నవరాత్రులు చెప్పింది. "తిరుమలరావుగారి గీతలు లేకపోతే ఇది నాకూ తట్టేది కాదు సార్. ఎప్పుడు, ఎంత అన్నది ఆ గీతల్లో ఉంది. ఎందుకన్నది మనుషుల దగ్గర ఉంది. ఆ రెండూ ఇంతవరకూ ఒక బల్ల దగ్గర కూర్చోలేదు," అంది.

అందరూ మిల్లులోకి నడిచారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయమన్నట్టు, కేరేజీలు ఎవరివంటే ఏ ఒక్కరూ నావి అనలేదు. మూత మీద మాత్రం వరసగా, ఒకదాని భుజం మీద ఒకటి, గలగలమంటూ కూర్చున్నాయి. తీయించారు. తిరుమలరావు ఫోను తెర మీద ఎరుపు నిమిషాల్లో జారిపోయింది. మళ్లీ పెట్టించారు, మళ్లీ లేచింది. శ్యామసుందర్ ఒక కేరేజీ మూత కాస్త ఎత్తి వాసన చూసి, "ఎండుచేపల పులుసు," అన్నాడు గౌరవంగా. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే, కాకపోతే ఆ ఎలుక ఘుమఘుమలాడింది.

"వాళ్లను ఏమీ అనకండి సార్. పక్కన ఒక రేకు బల్ల వేయించి, ఈ వేడి దానికి తగిలేట్టు చేస్తే చాలు," అంది సుచిత్ర. చేయిస్తానన్నాడు. అంతటితో ఆగి ఉంటే దేవుడే. ఆగలేదు. "తిరుమలరావుజీ, ఇక మీదట ఏ మోడల్ అయినా ముందు సుచిత్రాజీకి చూపించండి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు కదా, భోజనాల దగ్గరే చూసేసుకోండి. ఆఫీస్ టైమ్ భీ బచ్ జాయేగా," అన్నాడు. ఎంత మంచి ఆలోచన చెప్పానా అని తనే తలాడించుకున్నాడు కూడా. సుచిత్ర ఒళ్లు మండిపోయింది. మనిషి గెలిచిన రోజునే ఇంత అందంగా మళ్లీ వంటింట్లోకి తోసెయ్యొచ్చని ఆమెకు అంతవరకూ తెలియదు.

ఇంటికొచ్చాక తిరుమలరావు తల్లి దగ్గర మొరపెట్టుకున్నాడు. "అందరి ముందూ నా ఇజ్జత్ తీసేసిందమ్మా. ఇంట్లో చెప్తే ఏం పోయింది?"

"ఏటే అమ్మా అది? ఆడి పరువు నీ పరువు కాదేటి?" అంది పైడమ్మ.

"ఆయన పరువు నిలబెట్టడానికే ముందు చెప్పానత్తమ్మా, స్కూటరు మీద. సమోసాలు వేడిగా ఉండాలన్నారు," అంది సుచిత్ర. పైడమ్మ కొడుకు వంక చూసింది. కొడుకు గోడవంక చూశాడు. ఆవిడకు నవ్వొచ్చినట్టుంది, తమలపాకు నోట్లో కుక్కుకుంది.

నాలుగు రోజులు అలిగాడు తిరుమలరావు. అయిదో రోజు సాయంత్రం లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఆ గుమ్మంలోకి అంతకుముందెప్పుడూ ఆయన దేనికీ రాలేదు, ఉప్పు డబ్బా ఎక్కడుందో ఆయనకు ఈనాటికీ తెలియదు. వంకాయలు తరుగుతున్న సుచిత్ర పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"సుచీ, ఒక చిన్న డౌట్. ఫర్నేస్ డోర్ దగ్గర రీడింగ్ రోజూ ఒక టైమ్‌లో అజీబ్‌గా పడిపోతోంది. నీ పాతవాళ్లు ఎవరైనా ఏమైనా అన్నారా?"

అన్నారు. ఎవరన్నారో, ఏమన్నారో, ఆ రోజు ఆ మనిషి ఎలా నవ్వాడో కూడా సుచిత్రకు గుర్తొచ్చింది. జవాబు మళ్లీ నాలిక చివరికొచ్చి కూర్చుంది.

"సెప్పీవే, మొగుడే గదా అడుగుతున్నాడు," అంది ముందు గదిలోంచి పైడమ్మ.

సుచిత్ర కత్తిపీట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. సగం తరిగిన వంకాయల పళ్లెం మొగుడి ఒళ్లో ఉంచింది.

"ఇవి తరిగి పెట్టండి. అది మాత్రం రేపు ఆఫీసులో, నా బల్ల దగ్గరికొచ్చి అడగండి," అంది. "అక్కడైతే చెప్పినందుకు నాకు జీతమిస్తారు."