రెడ్డు మీద చూపు

“నీ ధ్యాస ఎక్కడుందే అమ్మాయ్?” అని మాణిక్యమ్మ కోడల్ని రోజుకి నాలుగుసార్లయినా అడిగేది. శివపార్వతి నిజంగా జవాబు చెప్పడం మొదలుపెడితే చాలాసేపు పట్టేది. పొయ్యి మీద పప్పు ఇంకెంతసేపటికి ఉడుకుతుంది, మామగారు రెడ్డిగూడెం మామిడితోటకి బయల్దేరేలోపు క్యారేజీ సర్దాలి, అత్తగారి బీపీ బిళ్ళలు రేపటితో అయిపోతాయి, పెద్దదాని గౌనుకి గుండీ ఊడింది, చిన్నదానికి నిన్నటి నుంచీ దగ్గు, చాకలి తెచ్చిన మూటలో ఆయన తెల్లచొక్కా ఉందా లేదా. ఇన్నిచోట్ల ఉండేది ఆమె ధ్యాస. పదింటికి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు ముందు కూర్చుని హెడ్‌సెట్టు తగిలించుకుంటే ఇంకో యాభై చోట్లకి పోయేది. పత్తి వ్యాపారికి గుంటూరు ట్రంకు కాలు కలపాలి, ఇంకొకరికి బెజవాడ లైను కావాలి, మధ్యలో ఎవరో పెద్దమనిషి “ఏమ్మా, నిద్రపోతున్నావా?” అని కసురుకునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా వంటింట్లోకి పోతుంటే భర్త జగన్నాథరావు నవ్వుతూ అనేవాడు, “నీకేం, కూర్చుని కబుర్లు చెప్పే ఉద్యోగం. మా ఎరువుల కొట్లో ఒక్కరోజు నిలబడి చూడు, తెలుస్తుంది.” చెడ్డవాడు కాదు. ఆ మాట అనేసి మంచినీళ్ళు తెమ్మనేవాడు.

ఎక్స్ఛేంజి వెనకగదిలో ఒక క్యారమ్స్ బోర్డు ఉండేది. మధ్యాహ్నం భోజనాల వేళ తోటి ఆపరేటరు జ్ఞానమణి ఆమెకి ఆట నేర్పింది. ఏడాది తిరిగేసరికి నేర్పినావిడే చేతులెత్తేసింది. “నీతో ఆడితే నాకు చూడ్డమే పని. గురి పెట్టాక కనురెప్ప కూడా ఆడించవేంటే తల్లీ?” అంది ఒకరోజు. శివపార్వతికి ఆ సంగతి తెలియదు. స్ట్రైకరు వెనక వేలు ఆనించి చూస్తూ ఉంటే, కాయినుకీ పాకెట్టుకీ మధ్య సన్నటి దారి ఒకటి కనపడేది. అది కనపడగానే పొద్దున్నుంచీ తలలో సాగుతున్న సంత ఎవరో ఎత్తేసినట్టు అయ్యేది. పప్పు లేదు, గుండీ లేదు, గుంటూరు లేదు. ఊపిరి దానంతటదే నిలిచేది. కాయిను పడటం మాట తర్వాత, ముందు ఆ నిశ్శబ్దం కోసమే ఆమె ఆడేది. ఇంట్లో చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు, అడిగినవాళ్ళు లేరు.

డెబ్భై ఏడులో, వేసవి ఇంకా పూర్తిగా ముదరకముందు ఒక ఆదివారం. వారం వారం జగన్నాథరావు, బావమరిది అంకారావు, ఇంకో ఇద్దరు స్నేహితులు వరండాలో క్యారమ్స్ ఆడుకునేవాళ్ళు. శివపార్వతి వాళ్ళకి టీలు అందించేది. ఆవేళ అంకారావుకి జోడీ రాలేదు.

“పార్వతీ, నువ్వొచ్చి కూర్చో. ఊరికే స్ట్రైకరు తోస్తే చాలు, నేను చూసుకుంటాను” అన్నాడు అంకారావు.

పొయ్యి మీద సన్నసెగన పాలు పెట్టి వచ్చి కూర్చుంది. అరగంట తర్వాత బోర్డు మీద ఒక తెల్లకాయిను, రెండు నల్లకాయిన్లు, రెడ్డు మిగిలాయి. ఆమె వంతు. రెడ్డు అందని చోట ఉంది, ఎదుటి చెక్కకి కొట్టించి వెనక్కి తీసుకోవాలి. ఆమె వంగి చూస్తోంది. పెరట్లోంచి మాణిక్యమ్మ కేకేసింది, “పార్వతీ! పాలు!” మళ్ళీ కేకేసింది. మాడువాసన వరండాలోకి వచ్చింది. “అమ్మ పిలుస్తోంది” అన్నాడు జగన్నాథరావు. పలకలేదు. మొహం ముందు చెయ్యి ఊపాడు. రెప్ప వాల్చలేదు. “ఏంటి బావా ఇది?” అంటూ అంకారావు భయపడి లేచి నిలబడ్డాడు. మాణిక్యమ్మ గుమ్మంలోకి వచ్చి, బొమ్మలా బిగుసుకున్న కోడల్ని చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. అప్పుడు శివపార్వతి వేలు కదిలింది. రెడ్డు పడింది. వెంటనే తెల్లకాయిను కొట్టి కవరు కూడా వేసి, తలెత్తి, “పిలిచారా అత్తయ్యా?” అంది.

ఆ సాయంత్రం నుంచీ ఇంట్లో ఒకటే మాట. “మా పెద్దమ్మ కూతురికీ ఇట్లాగే మొదలైంది. పిలిస్తే పలక్కుండా గుడ్లప్పగించి చూసేది. ఇది ఫిట్సేరా” అంది మాణిక్యమ్మ. “ఎనిమిదేళ్ళ నుంచీ చెవులకి ఆ తీగలు తగిలించుకుంటే కరెంటు తలకెక్కదూ? ముందు ఆ ఉద్యోగం మానిపించు.” జగన్నాథరావు రెండ్రోజులు ఆలోచించి, రాజీనామా కాగితం తనే రాసి తెచ్చాడు. “సంతకం పెట్టు చాలు. ఆరోగ్యం కంటే ఎక్కువా?” అన్నాడు మెత్తగా.

శివపార్వతికీ లోపల భయం పట్టుకుంది. ఎందుకంటే నిజంగానే ఆ కేకలు ఆమె వినలేదు. మూడు లైన్లలో ముగ్గురు ఒకేసారి మాట్లాడినా విడివిడిగా వినగల చెవులు, పదడుగుల దూరంలో అత్తగారి గొంతు ఎందుకు వినలేదు? మొహం ముందు చెయ్యి ఊపితే ఎందుకు కనపడలేదు? పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేసింది. అయినా సంతకం మాత్రం పెట్టలేదు. “డాక్టరు చెప్పనివ్వండి. ఆయన మానమంటే మానేస్తాను” అంది.

తలకి మిషను పెట్టి చూస్తారని ఎవరో చెబితే శివపార్వతి నూనె రాయకుండా తలస్నానం చేసింది. ఇద్దరూ తొలి బస్సుకి బెజవాడ వెళ్ళారు. నరాల డాక్టరు కృపానందం పెద్దాయన, నెమ్మదైన మనిషి. జగన్నాథరావు చెప్పిందంతా విని, “తర్వాత ఏమైంది?” అని అడిగాడు.

“తర్వాత... రెడ్డు వేసిందండీ.”

“కవరు?”

“కవరు కూడా వేసింది.”

“గేము ఎవరిది?”

“వాళ్ళదేనండీ” అన్నాడు జగన్నాథరావు నేల చూస్తూ.

డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. “ఫిట్సు వచ్చిన మనిషి రెడ్డూ కవరూ వేస్తే నేనూ తెచ్చుకుంటానయ్యా. సరే, ఇంత దూరం వచ్చారు కదా, మిషను మీద కూడా చూద్దాం.”

మిషను నడిపే అమ్మాయి ఆమె తల నిండా తీగలు అంటించింది. కాగితం మీద పెన్నులు వరసగా గీతలు గీయడం మొదలుపెట్టాయి. చాలాసేపు చూసి డాక్టరు ఏ దోషమూ లేదన్నాడు. తీగలు తీసేస్తుంటే శివపార్వతి, “ఒక్క నిమిషం ఉంచండి. కళ్ళు మూసుకుని మనసులో ఆడతాను, అప్పుడేం గీస్తుందో చూడండి” అంది. డాక్టరుకి సరదా పుట్టింది. “ముందు మీ ఇంట్లో పొద్దుటిపూట హడావిడి తలుచుకో. నేను చెప్పాక ఆట తలుచుకో” అన్నాడు.

అయ్యాక కాగితం తన చేతికి ఇమ్మంది. ఇల్లు తలుచుకున్నంతసేపూ గీతలు సన్నగా, చిందరవందరగా, ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ ఉన్నాయి. ఆట తలుచుకున్నచోట అవే గీతలు విప్పారి, గాలికి వరిచేను ఊగినట్టు ఒకే తూగులో సాగాయి.

“ఇది నిద్రాండీ?”

“కాదమ్మా, మంచి మెలకువే. తలలో మాటలు ఆగిపోయి, చూపూ చెయ్యీ మాత్రమే మేలుకుని ఉన్నట్టుంది. తుపాకితో గురి చూసేవాళ్ళకీ ఇట్లాగే ఉంటుందేమోనని నా ఊహ. దీనికి మందు లేదు, అక్కర్లేదు కూడా.”

ఆమె ఆ చిందరవందర గీతల్ని చూస్తూనే ఉంది. ఇది కాఫీ అయ్యుంటుంది, ఇది బీపీ బిళ్ళ, ఇది చిన్నదాని దగ్గు. పదకొండేళ్ళ కాపురంలో తన చేతులు చేసిన పని అందరూ చూశారు, అప్పుడప్పుడూ మెచ్చుకున్నారు కూడా. ఏ డబ్బాలో ఏది అడుగంటిందో, ఎవరికి ఎప్పుడు ఏం కావాలో, అడగకముందే తలలో పెట్టుకుని తిరిగే పని మాత్రం ఎవరికీ కనపడలేదు. తనకీ కనపడలేదు. అలిసిపోతే ఒళ్ళు బలహీనం అనుకుంది. ఈరోజు అదంతా నల్లసిరాతో మూరెడు పొడుగున కళ్ళ ముందు ఉంది. ఏడుపు వస్తుందనుకుంది గాని రాలేదు. తేలిగ్గా ఉంది.

తిరుగు బస్సులో జగన్నాథరావు జేబులోంచి రాజీనామా కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి కిటికీలోంచి వదిలేశాడు. కాసేపటికి, “అమ్మతో ఒక మాట చెబుదాం. వారానికో గంట క్యారమ్స్ ఆడటమే మందని డాక్టరు రాశాడని. అప్పుడేమీ అనదు” అన్నాడు.

మైలవరం దాటింది. రోడ్డుకి రెండువైపులా మామిడితోటలు, కొమ్మలకి పచ్చికాయలు. ఆ ఉపాయం సులువుగానే అనిపించింది ఆమెకి. ఆ ఇంట్లో ఆడవాళ్ళు పగలు నడుం వాల్చాలంటే జ్వరమైనా రావాలి. అత్తగారైనా కాళ్ళు పీకితేనే కూర్చుంటుంది.

“వద్దండి. జబ్బు లేదని తెలుసుకోవడానికేగా ఇంత దూరం వచ్చాం. మళ్ళీ జబ్బెందుకు?”

“మరేం చెప్పమంటావ్?”

“మీరేం చెప్పొద్దు. నేను చెబుతాను.”

ఇల్లు చేరేసరికి మాణిక్యమ్మ గుమ్మంలోనే ఉంది. “ఏమన్నాడే?”

“ఏ జబ్బూ లేదన్నాడు అత్తయ్యా.”

“మరి పిలిస్తే వినపడకపోవడమేంటి?”

“వినపడక కాదత్తయ్యా. గురి చూసేటప్పుడు నేను వినను. ఇకనుంచి ఆదివారం మూడింటి నుంచి నాలుగింటిదాకా ఆడతాను. ఆ గంటసేపు పొయ్యి మీద ఏముందో మీ అబ్బాయి చూసుకుంటారు.”

జగన్నాథరావు ఉలిక్కిపడి ఆమెని చూశాడు. తర్వాత చెప్పులు విడుస్తూ, “చూసుకుంటాన్లే” అన్నాడు.

మాణిక్యమ్మ అరుస్తుందనే అనుకున్నారు ఇద్దరూ. ఆవిడ గడప మీద కూలబడి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

“అంతమంది పిలుస్తున్నా తెలియకుండా ఉండటమా” అంది మెల్లగా. “నాకు పెళ్ళయి నలభై ఏళ్ళు. ఒక్కసారన్నా అట్లా కాలేదే పార్వతీ.”

శివపార్వతి చేతిసంచీ కింద పెట్టి ఆవిడ పక్కన గడప మీద కూర్చుంది.