మూడువందల నునుపు రాళ్లు

జీవమ్మ ఫోన్ చేసి తిట్టిన రోజు నుంచి నాకు కోపం దిగలేదు. ఆమె మీద కాదు. ఆమె తిట్లలో న్యాయం ఉంది.

"మీ రాళ్లు అద్దాల్లా ఉన్నాయమ్మా," అంది ఆమె. "మా తమ్ముడు మనోజ్ సముద్రంలో దిగి సూసొచ్చాడు. ఏసి ఏడాదిన్నరయ్యింది. ఒక్క ఆలిచిప్ప పట్టలేదు. చేపలొచ్చి ఆటిలో మొహం సూసుకుని ఎల్లిపోతన్నాయంట. ఎవరమ్మా ఆ నిపుణుడు? ఒకసారి మా రేవుకి పంపించు, నేను మాట్టాడతాను."

పంపించే మనిషిని నేనే. అదే నా ఉద్యోగం. తీరాన్నీ సముద్రాన్నీ మళ్లీ బాగుచేయడానికి దేశం మొత్తానికీ ఒక నిపుణుల జాబితా ఉంది. ఏ రేవువాళ్లయినా మాకు చేపలు పోయాయి, మడచెట్లు పోయాయి, ఒడ్డు కోసుకుపోతోంది అని రాస్తే, ఆ పని తెలిసినవాళ్లను జాబితాలో వెతికి పంపించాలి. అంతా ఫోన్లోనూ కంప్యూటర్లోనూ జరిగే పని కాబట్టి నంద్యాలలో మా మేడగదిలో కూర్చునే చేస్తాను. కింద కూరగాయల బండి అతను రోజూ అడుగుతాడు, "ఈడ యాడుంది మేడం సముద్రం?" అని. ఇన్నాళ్లూ నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ ప్రశ్న వింటే ఒళ్లు మండుతోంది.

జీవమ్మ వాళ్ల రేవు ముందర సముద్రం అడుగున ఒకప్పుడు రాతిగుట్టలుండేవి. పెద్ద మరపడవల వలలు ఈడ్చి ఈడ్చి వాటిని చదును చేసేశాయి. గుడ్లు పెట్టడానికి చోటు లేక చేపలు వెళ్లిపోయాయి. కన్నాలు తొలిచిన రాళ్లు మళ్లీ వేస్తే వాటికి నాచు పడుతుంది, ఆలిచిప్పలు పడతాయి, వాటికోసం చేపలొస్తాయి. ఆ పనికి జాబితాలో పెద్ద పేరు రాజశేఖర్ గారిది. ఆయన్ని ఆ పనికి నేనే పెట్టాను. రాళ్లకోసం మా ఆళ్లగడ్డ పేరూ నేనే చెప్పాను, గొప్పగా చెప్పాను. విగ్రహాలు చెక్కే ఊరు. అందులో రంగయ్య చెయ్యి ఇంకా పెద్దది. ఆయన పేరూ జాబితాలో చేర్పించాను.

మొన్న సోమవారం రాజశేఖర్ గారి నుంచి నివేదిక వచ్చింది. "స్థానిక పనివాడి అవగాహనా లోపం వల్ల రాళ్ల ఉపరితలం పనికిరాకుండా పోయింది. సదరు రంగయ్య పేరును జాబితా నుంచి తొలగించవలెను." శుక్రవారం మధ్యాహ్నం మూడింటి సమావేశంలో ఇది ఆమోదించాలి. కంప్యూటర్లో ఆ సమావేశం నడిపేది నేను. తొలగించే మీట నొక్కేదీ నేనే.

మూడుసార్లు చదివాను. సదరు రంగయ్యట! ఆ సదరు రంగయ్య కార్ఖానాలో నిలబడి ఆ రాళ్లను నిమిరి, బ్రహ్మాండం అని, ఫొటో దిగి వెళ్లిన మనిషి రాసిన మాట అది. ఆయన ఆ రోజు ఉన్నది పాతిక నిమిషాలు. కారు ఇంజన్ కూడా ఆపించలేదు.

శుక్రవారం పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచీలో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. "యాడికి పోతాండావ్ మా, ఇయ్యాల మీటింగంటివే?" అన్నాడు నాన్న. బడిపంతులుగా రిటైరైన మనిషి, పేరు ఏలీయా. మీటింగుకే పోతున్నాను అన్నాను. సిరివెళ్ల దాటేదాకా ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాను. ఒక్క మాటా కుదరలేదు.

రంగయ్య కార్ఖానా రోడ్డు మీదే. గేటు పక్కన దిమ్మె మీద ఒక రాయి ఉంటుంది. సముద్రానికి పంపిన మూడువందలతో పాటు నమూనాకని చేసి అట్టిపెట్టుకున్న మూడువందల ఒకటోది. నల్లగా, నిగనిగలాడుతూ. కింద ఆయన పేరు చెక్కి ఉంది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు, ఇట్లాంటివి మూడువందలు సముద్రంలో ఉన్నాయని.

విషయం చెప్పాను. మెత్తగా చెబుదామనుకున్నాను గానీ నాకు మెత్తగా చెప్పడం రాలేదు. ఆయన గ్రైండర్ ఆపించాడు. మొహం మీది రాతిపొడి తుండుతో తుడుచుకున్నాడు.

"ఏందీ? నాకు తెలీక చెడగొట్టినానంటనా?"

"అట్లా రాశారు, రంగన్నా."

"తెలీక! నా చేతిలో రాయి చెడిపోయిందంటనా! ఎవురు రాసిండేది? ఆ కారాయనేనా?"

రంగయ్య కార్ఖానాలో ఒక కట్టుబాటుంది. ఏ రాయీ ఆయన చేతి పరీక్ష కాకుండా గడప దాటదు. ఆయన కళ్లు మూసుకుని ఎడమచేతి వెనకవైపు, వేళ్ల గణుపుల మీద చర్మంతో రాయంతా తడుముతాడు. ఎక్కడైనా చర్మం చిన్నగా పట్టిందంటే ఆ రాయి మళ్లీ పాలిష్‌కి పోవాల్సిందే. వాళ్ల నాయన పెట్టిన కట్టుబాటు. దేవుడి విగ్రహమైనా, అరుగుకు వేసే బండైనా ఒకటే. సముద్రానికి పోయే మూడువందల రాళ్లనూ, తొలిచిన కన్నాల లోపలితో సహా, అట్లాగే తడిమి పంపాడు.

"ఇట్ల రామ్మా," అని వెనక్కి తీసుకెళ్లాడు. కోతమిషనుకు నీళ్లు పట్టే సిమెంటు తొట్టి ఉంది అక్కడ. చెయ్యి పెట్టి అడుగు నుంచి ఒక ముక్క పైకి తీశాడు. ఒకవైపు పాలిష్ చేసింది, ఇంకోవైపు ఉలిదెబ్బలు. పాలిష్ వైపు శుభ్రంగా ఉంది. ఉలిదెబ్బల వైపు పచ్చగా నాచు, ఆ నాచులో చిన్న చిన్న నత్తలు.

"సూసినావా? ఇది నాకు తెలీదా? నలపై ఏండ్లనుంచి ఈ తొట్టి కడుగుతాండా. గరుకుంటే పడతాది, నునుపుంటే పట్టదు. చేపలకు ఇండ్లు కట్టాల రంగయ్యా, నాచు పట్టాల అని ఒక్క మాట అనింటే నేను పాలిష్ పెడతానా? సముద్రానికి రాళ్లన్నారు. కాగితం మీద కొలతలిచ్చినారు. నేనేమనుకుంటి? పెద్దోళ్లెవురో మునిగి చూసుకునేదానికేమో అనుకుంటి. నా జన్మలో నేను సముద్రం చూడలేదు గదమ్మా!"

ఆ ముక్కను తొట్టిలోకి విసిరికొట్టాడు. నీళ్లు నా చీర మీద చిందాయి.

మూడింటికి ఆ కార్ఖానాలోనే ఒక బండ మీద ల్యాప్‌టాప్ తెరిచాను. రంగయ్యను పక్కన కూర్చోబెట్టుకున్నాను. తెర మీద ఒక్కొక్కరే వచ్చారు. అధ్యక్షురాలు శ్రీవాణి గారు, రాజశేఖర్ గారు, ఇంకా ఆరుగురు. రేవు నుంచి జీవమ్మనూ నేనే కలిపాను. ఎవరి రేవు గురించి మాట్లాడుతున్నామో ఆ రేవు మనిషి లేకుండా రెండేళ్లు సమావేశాలు జరిపాం, సిగ్గులేకుండా.

రాజశేఖర్ గారు తెరలో రంగయ్యను చూడగానే కళ్లజోడు సర్దుకున్నారు. "ప్రసన్న గారూ, సరఫరాదారులను ఈ సమావేశానికి పిలవలేదు కదా."

"పిలవలేదు సార్. అందుకే నేనే ఆయన దగ్గరికి వచ్చాను."

"ఇది సాంకేతిక చర్చ. ఆయనకు ఇందులో..."

సమావేశం నడిపేవాళ్ల చేతిలో ఒక సదుపాయం ఉంటుంది. ఎవరి గొంతునైనా ఆపేయొచ్చు. మూడేళ్ల ఉద్యోగంలో ఎన్నడూ వాడలేదు. ఆయన గొంతు ఆపేశాను. తెర మీద ఆయన పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. నాకు చెప్పలేనంత హాయిగా అనిపించింది.

"మాట్లాడు రంగన్నా."

రంగయ్య తెరకేసి వంగాడు. "నేను అడిగినా. ఈ సారు ఈడ నిలబడుకోని ఉన్నెప్పుడే అడిగినా. సార్, పైపని ఎంతమటుకు చేయాల అంటి. సారు ఫోన్ సూసుకుంటా, మీరు మామూలుగా ఎట్ల చేస్తారో అట్లనే చేయండి అన్న్యాడు. నా మామూలు ఇదే. నేను చేసినా. ఇప్పుడు నాకు తెలీదని రాసినారు."

శ్రీవాణి గారు అడిగారు. "ఆయన అలా అన్నారనడానికి ఎవరైనా సాక్షి ఉన్నారా?"

"ఈయమ్మ ఉండె. అడుగుకోండి."

అందరూ నన్నే చూస్తున్నారు. నాకు అప్పుడు అర్థమైంది, ఇన్ని రోజులుగా నా కోపం రాజశేఖర్ గారి దగ్గరే ఎందుకు ఆగిపోయిందో. అక్కడ ఆగితే నా దాకా రాదు. ఆయన ఆ మాట అన్నాక రంగయ్య నావైపు తిరిగాడు, నిజమేనా అన్నట్టు. నేను తలూపాను. "అంతే రంగన్నా, మీ మామూలే" అన్నాను. నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ. గరుకు రాయికే ఆలిచిప్ప పడుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. పెద్దాయన చెప్పాడు కదా, మధ్యలో నేనెందుకని ఊరుకున్నాను.

"ఉన్నానండీ," అన్నాను. "ఆయన అడిగారు. సార్ అలాగే అన్నారు. అవునని నేనూ చెప్పాను. తెలియనిది రంగయ్య గారికి కాదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. తెలిసీ చెప్పనివాళ్లం ఇద్దరం, ఒకరు సార్, ఒకరు నేను. జాబితాలోంచి పేరు తీయాలంటే మా ఇద్దరితో మొదలుపెట్టండి. నివేదికలో నేను రాయబోయేది ఇదే."

రాజశేఖర్ గారి బొమ్మ తెర మీద నుంచి మాయమైంది. ఆ సమావేశానికి ఆయన మళ్లీ రాలేదు.

రంగయ్య పేరు ఉంటుందని శ్రీవాణి గారు అన్నారు. మా ఇద్దరి సంగతి వచ్చే సమావేశంలో చూస్తామన్నారు. "మరి ఆ రాళ్ల మాటేమిటి?" అని అడిగారు.

"బయటికి తీయించండి," అన్నాడు రంగయ్య. "నేనే వస్తా. ఒడ్డున కూసోని, ఒకటొకటి నేనే గరుకు చేస్తా."

"మా పడవలున్నాయి, తాళ్లున్నాయి," అంది జీవమ్మ. "నువ్వు రా అన్నా, లాగుతాం."

ల్యాప్‌టాప్ మూశాను. రంగయ్య లేచి ఉలి, సుత్తి తీసుకుని నేరుగా గేటు దగ్గరికి నడిచాడు. ఆ మూడువందల ఒకటో రాయి ముందు నిలబడ్డాడు. కళ్లు మూసుకుని చేతి వెనకవైపుతో దాన్ని ఒక్కసారి తడిమాడు. ఎక్కడా పట్టలేదు. కళ్లు తెరిచి ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. అద్దంలాంటి ఆ నలుపు మీద తెల్లగా పెచ్చు లేచింది. ఆ రాయిని అట్లా కొట్టడం నేను చూడలేకపోయాను. ఆయన కొడుతూనే ఉన్నాడు, కింద తన పేరు దాకా.

అక్కడ ఆగి ఉలీ సుత్తీ నా చేతిలో పెట్టాడు.

"నువ్వూ కొట్టు. ఊఁ అన్న్యావు గదా ఆ పొద్దు."

నా దెబ్బకు ఉలి జారింది. రాతి మీద సన్నగీత మాత్రం పడింది.

"ఇంగా గట్టిగా కొట్టమ్మా," అన్నాడు రంగయ్య. "మనం చేసిండే తప్పు చిన్నదేం గాదు."