మూడు రేకుల పూలు

ఆ ఏడు మాఘమాసంలో కాలేజీకి నెల రోజులు సెలవు పెట్టి, సూళ్లూరుపేటలో రైలు దిగి, సైకిలు మీద పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక పల్లెకు చేరాను. బడి పక్క గదిలో బస. నెల్లూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే వాణ్ణి, ఒక పిల్లి కోసం వచ్చానంటే ఊళ్లో చాలామంది నవ్వారు. నాకూ నవ్వొచ్చేది.

అది మామూలు పిల్లి కాదు, బావురు పిల్లి. నీళ్లలో దిగి చేపలు పడుతుంది. సరస్సు ఒడ్డున రెల్లులో ఉంటుంది. అక్కడికి రెండు మైళ్ల దూరంలో చిట్టడవి ఉంది. ఆ రెంటి నడుమ అన్నీ వరి మళ్లే. మళ్ల మధ్యగా ఒక పాత డొంక, దానికి అటూ ఇటూ మొగలి పొదలు. సరస్సు దగ్గరి పిల్లి ఆ డొంక చాటునే నడిచి అడవిదాకా పోతుందని నా ఊహ. అడవి ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, ఒక అడవి నుంచి ఇంకొక అడవికి నడిచిపోయే చోటు ఉన్నదా లేదా అన్నది కూడా ముఖ్యమని నాకు అనిపించేది. మనుషులకైనా అంతే కదా.

డొంక చివరి భాగానికి ఇరువైపులా పొలం పద్మనాభయ్య గారిది. కోత అయిపోయింది. మొగలి పొదలు కొట్టించి ఆ నేలను కూడా మడిలో కలుపుకోవాలని ఆయన ఉద్దేశం.

"పందికొక్కులు పంటలో పావు వంతు తినేసినాయి అయ్యవారూ. మీ పిల్లి నా చేలోకి వచ్చి వాటిని తింటా ఉందని చూపించండి, డొంక వదిలేస్తా. లేదంటే పున్నమినాడు తెల్లారేసరికి మచ్చుకత్తులు దిగతాయి," అన్నారు.

డొంక పొడుగునా మూడు చోట్ల నేల చదును చేసుకున్నాను. సాయంత్రం చీపురుతో చిమ్మి, నీళ్లు చల్లి, తాటాకుతో నున్నగా సర్ది వచ్చేవాణ్ణి. రాత్రి ఏది నడిచినా అడుగు పడుతుంది. తెల్లవారి సరస్సు వైపు నుంచి చూసుకుంటూ నడిచేవాణ్ణి. మొదటి చోట బావురు పిల్లి అడుగులు దొరికాయి. ఎడమ వెనక కాలికి ఒక వేలు లేదు. రెండో చోట కూడా అదే అడుగు. మూడో చోటు పద్మనాభయ్య గారి పొలం అంచున, బండిబాట డొంకను కోసుకుపోయే దగ్గర. అక్కడికి చేరేసరికి బారెడు పొద్దెక్కేది. అక్కడ మాత్రం అడుగుల జాడ ఉండేది కాదు. ముగ్గు ఉండేది.

మొదటిరోజు ఎవరో సరదాకు వేశారనుకున్నాను. రెండోరోజూ ఉంది. మూడోరోజూ ఉంది. తడి నేల మీద తెల్లని బియ్యప్పిండి పూలు, వాటిని కలుపుతూ తీగ. అప్పటికే చీమలు వచ్చి ఒక్కో రేణువూ మోసుకుపోతుండేవి. కోపం రావలసింది, రాలేదు. నోటు పుస్తకంలో 'జాడ లేదు' అని రాసి, పక్కన ఆ ముగ్గును పెన్సిలుతో దించుకునేవాణ్ణి. ఎందుకంటే చెప్పలేను. మా ఆవిడ ఆనందకుమారి ఉన్నప్పుడు క్రిస్మస్‌కు ఒక్కరోజు గడప ముందు నక్షత్రం వేసేది. మిగతా రోజుల సంగతి నేనెప్పుడూ గమనించలేదు. పూలు తీరుగా లేవని మొదటి బొమ్మలో కొంచెం సరిదిద్దాను కూడా. ఆ తరువాత ఉన్నది ఉన్నట్టే గీశాను.

అలా పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు, చీకటి విడుతుండగా నేరుగా మూడో చోటికే వెళ్లాను. మంచులో పొలాలు కరిగిపోయినట్టున్నాయి. బాట పక్క గుడిసె ముందు ఒకామె కూచుని పిండి వేస్తోంది.

"ఎవురది, మొగలి పొదలో దయ్యం మాదిరి!" అంది తలెత్తకుండానే.

"నేనేనమ్మా, అయ్యవార్ని."

"సాయంత్రం చిమ్మి నీళ్లు చల్లిపోయేది నువ్వేనా? చిమ్మితే చిమ్మినావు, ముగ్గెయ్యకుండా పోతావా? మా ఆయన గంగులయ్య సరస్సు మీద ఉండాడు, పన్నెండు దినాలాయె పడవెక్కి. నా వాకిటికి ఎదురుగ్గా నీళ్లు చల్లి బోడినేల పెట్టి పోతే, చావింటి మాదిరి ఉండదా? చూసినోళ్లు ఏమనుకుంటారు? నా మనసేమనుకుంటాది?"

ఆమె పేరు ఆదిశేషమ్మ. నేను పరిశోధన చేస్తున్నానన్న ధ్యాసలో, ఒక ఆడమనిషి గడప ముందు రోజూ అశుభం పరిచి వెళ్తున్నానని తెలుసుకోలేకపోయాను.

"నాకు తట్టలేదమ్మా, తప్పయింది."

"మీ ఇంట్లో ఆడోళ్లు చెప్పలేదా?"

"ఉండి ఉంటే చెప్పేది. పోయి ఆరేళ్లయింది."

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ పిండి రాలింది, ఈసారి మెల్లగా.

"ఇక్కడ అడుగులేమైనా ఉండేవా? చెరిపేశావా?" అని అడిగాను.

"చెరపడమా! వాకిట్లోకి వచ్చినదాని అడుగు చెరిపితే బాగుంటాదా? దాని ఏళ్లలోనే పిండి పోసినా. చూడరాదా, కండ్లద్దాలు ఎందుకు పెట్టుకోనుండావో! ఎడం ఎనక కాలికి ఒక ఏలు లేదు పాపం, యాడ పోగొట్టుకుందో."

వంగి చూశాను. ఒక పూవుకు నాలుగు రేకులు. తరువాతి పూవుకు మూడు. మళ్లీ నాలుగు, మళ్లీ మూడు. పిల్లి నడిచేటప్పుడు ముందుకాలు పెట్టిన చోటే వెనక కాలు పెడుతుంది. కాబట్టి కుడి అడుగుకు నాలుగు వేళ్లు, ఎడమ అడుగుకు మూడు. సరస్సు దగ్గరి నా పిల్లే, రెండు మైళ్లు నడిచి, ఆదిశేషమ్మ వాకిట్లో పూలై కూచుంది.

నోటు పుస్తకం తెరిచాను. పదకొండు బొమ్మల్లో తొమ్మిదింట నాలుగు, మూడు రేకుల పూలు పొలం వైపుకే సాగాయి; మిగతా రెండింట అడుగుల పూలు లేవు, ఉత్త తీగే. మొదటి బొమ్మలో మాత్రం, ఆమె మరిచిపోయిందనుకుని నాలుగో రేకు నేనే గీశాను. దాన్ని రబ్బరుతో తుడిపాను.

ఆ మధ్యాహ్నం పద్మనాభయ్య గారు పుస్తకాన్ని దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ముగ్గులు చూపించి పొలం అడిగేవాణ్ణి మిమ్మల్నే చూస్తా ఉండా అయ్యవారూ. బొమ్మలు ఎవురైనా గీస్తారు. ఎల్లుండే పున్నమి. పొద్దున్నే వస్తా, నా కళ్లకు చూపించండి. మనుషులు కత్తులతో సిద్ధంగా ఉంటారు, ముందే చెప్తా ఉండా."

పున్నమినాటి తెల్లవారుజామున నలుగురు మనుషులు మచ్చుకత్తులు ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూచున్నారు. పిల్లి తొమ్మిది రోజులు వచ్చింది, రెండు రోజులు రాలేదు. ఇవాళ ఆ రెంటిలో ఒకటి కాకూడదని, ప్రార్థన అనలేను గానీ, అలాంటిదే ఏదో లోపల మెదిలింది. మంచు విడిపోతుంటే నేల మెల్లగా కనబడింది.

అడుగులున్నాయి. నాలుగు, మూడు, నాలుగు, మూడు. వాటి పక్కనే, రూపాయి బిళ్లంతైనా లేని చిన్న అడుగులు, ఎగిరి ఎగిరి పడినట్టు.

"బిడ్డను తోడు తెచ్చుకునిందే!" అని ఆదిశేషమ్మ పిండి గిన్నెతో కూచుంది. గంగులయ్య ముందురోజే తిరిగొచ్చాడు. గుడిసెలోంచి అతని గురక వినబడుతోంది. "ఇంకేం, పిల్లికి పోవాల్సిన చేపలన్నీ రాత్రి ఈయనే తినేసినాడు," అంది నవ్వుతూ.

పద్మనాభయ్య గారు అడుగులు తన చేలో ఎక్కడికి పోయాయో చూడాలని ముందుకు కాలెత్తారు. ఎత్తిన కాలి కింద అప్పుడే పోసిన తెల్లని రేకులు. కాలు వెనక్కి తీసుకున్నారు. చెప్పులు చేతబట్టుకుని, గుడిసె వెనకగా చుట్టు తిరిగి పొలంలోకి దిగారు. నేనూ ఆ దారినే వెళ్లాను. గట్టు కింద, తవ్విన బొరియ ముందు, ఒక పందికొక్కు తోక పడి ఉంది. ఆయన దాన్ని కర్రతో అటూ ఇటూ దొర్లించి చూశారు.

"రెండు బారల వెడల్పు వదులుతా. అంతకు మించి అడగొద్దు."

డొంక నాలుగు బారలుండేది. పిల్లికి, పిల్లకు రెండు బారలు చాలు. ఆ పగలు నలుగురూ పొదల అంచులు మాత్రమే కొట్టారు. కొట్టిన మొగలి వాసన చాలాసేపు గాల్లో నిలిచింది.

నెల్లూరు తిరిగొచ్చిన మర్నాడు, తెల్లవారకముందే మా గడప ముందు చిమ్మి నీళ్లు చల్లాను. ఆదిశేషమ్మ ఆకులో కట్టి ఇచ్చిన పిండి ఉంది గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. కాఫీ తాగి వచ్చేసరికి తడి నేల మీద ఒక పిచ్చుక గెంతి పోయిన అడుగులున్నాయి. దాని కాలివేళ్ల గుర్తుల్లో చిటికెడు చిటికెడు పిండి పోస్తూ కూచున్నాను.