ఫోను ఒకరే అన్నది

ఆదివారం లోపల చేయాల్సినవి: కెలమంగలం స్టూడియోలో పాత ఫోటోలు స్కాన్ చేయించాలి. అన్నీ ఫ్యామిలీ ఆల్బమ్‌లో ఎక్కించాలి. ఎవరి మొహానికి వాళ్ల పేరు పెట్టించాలి. కార్తిక్ చేతికి పెన్‌డ్రైవ్ ఇచ్చి హోసూరు మండపానికి పంపాలి.

మా నాన్న అంకప్ప, ఫ్యాక్టరీ పనిలోంచి రిటైర్ అయినాడు. ఆదివారం దానికే విందు, అక్కడ పెద్ద స్క్రీన్ మీద ఫోటోలు రావాల. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి పని నా నెత్తిన పడింది.

ఆల్బమ్ అందరి ఫోన్లలోనూ ఉంది. ఎవరైనా పేరు పెట్టొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. ఒకేలాంటి మొహాలు కనిపిస్తే ‘ఇద్దరూ ఒకరేనా?’ అని ఫోను అడుగుతుంది. మా చిన్నాన్న కొడుకు కార్తిక్ ‘అవును’ నొక్కేసినాడు.

ఆ ఇద్దరూ మా అమ్మ అంజినమ్మ, చిన్నమ్మ శోభన. అక్కచెల్లెళ్లు. నాకు మూడేళ్లప్పుడు అమ్మ చనిపోతే చెల్లెల్నే నాన్నకిచ్చి చేసినారు. అమ్మ కమ్మలు, చీరలు ఆమెకే వచ్చినాయి. ఇప్పుడు అమ్మ ఫోటోలు ముప్పై ఒకటీ ఆమె పేరుకే పోయినాయి.

అమ్మ పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీసేది. కాగే నీళ్లకు వేళ్లనిండా తెల్ల మచ్చలు. మొహాలు వదిలేసి చేతులు చూసుకుంటా ఒక్కొక్క ఫోటో వేరు చేసినాను. రెండు గంటల్లో అన్నీ మళ్లా శోభన అయిపోయినాయి.

“ఎందుకు మార్చినావురా?”

“ఫోనే ఒకరంటాంది, నీకేం నొప్పక్కా? డిగ్రీ చదివి ఫోనుకే పాఠం చెప్తావా?” అన్నాడు కార్తిక్.

చిన్నమ్మ వంటింట్లోంచే అరిచింది. “ఇరవై ఏండ్లు అన్నం పెట్టినాను. నలుగురి ముందర నన్ను రెండోదాన్ని చేస్తావామే?”

“నీ ఫోటోలు నేను ముట్టలేదు చిన్నమ్మా. మా అమ్మవి ఇమ్మంటున్నా.”

“మా అమ్మంట! నాకు అక్క కాదా?”

“అక్కయితే పేరెందుకు చెరిపించినావు?”

నాన్న టీవీ మీంచి చూపు తిప్పలేదు. “శక్తీ, నోరు ముయ్యి. పోయినోళ్లు వచ్చి చూస్తారా?”

ఆ సాయంత్రమే నన్ను ఆల్బమ్‌లోంచి తీసేసినారు.

విందులో స్క్రీన్ మీద అమ్మ ఒళ్లో నేను. కింద ‘శోభన, శక్తి’. అందరూ చప్పట్లు కొట్టినారు. చిన్నమ్మ నన్నే చూస్తా కమ్మ సర్దుకునింది.

తర్వాత ఒక ఫోటోకు పేరు రాలేదు. దాంట్లో మొహం లేదు, అందుకే ఫోను ఎవరి కిందా చేర్చలేదు. తట్టలో పట్టుగూళ్లు, వాటి మీద మచ్చల చేతులు రెండు.

“ఎవరివబ్బా ఇవి?” అన్నారు ఎవరో.

చిన్నమ్మ తన చేతులు కొంగులో పెట్టుకునింది. నాన్న తల వంచుకున్నాడు.

“మా అమ్మవి,” అని లేచి చెప్పినాను. కార్తిక్ తర్వాతి ఫోటోకు జరిపేసినాడు.

మీరన్నా గుర్తు పెట్టుకోండి. ఆమె పేరు అంజినమ్మ.