అల గీత కోసిన రోజు

నిన్నటితో నలభై తొమ్మిదో రోజు కర్మ అయిపోయింది. నా భార్య కినుయో అస్థికలు సమాధిలో పెట్టి, వచ్చినవాళ్ళకు భోజనాలు పెట్టి పంపాను. గుండె గట్టివాడివని అందరూ మెచ్చుకున్నారు. గట్టితనమూ లేదు, నా బొందా లేదు. పన్ను పీకేముందు సూది పొడిచిన చిగురులా ఉన్నాను, అంతే.

పొద్దున్నే హతానో నా షెడ్డుకు వచ్చాడు. ఇసెసాకి ఊళ్ళో టైర్ల కొట్టు వాడిది. నాతో కలిసి బడికెళ్ళినవాడు కాబట్టి చెప్పాపెట్టకుండా వస్తాడు. వ్యానులోంచి వెడల్పు చక్రాలు రెండూ, వాటిని కప్పే రెక్కలూ దించాడు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందట, నా బండి పని మొదలెట్టమన్నాడు.

నా బండి డెబ్భై ఒకటో సంవత్సరపు స్కైలైన్ కారు. వెనక చక్రం నెత్తిమీదుగా రేకులో ఒక మడత సాగుతుంది. దాన్ని మేం అల గీత అంటాం. వెడల్పు టైరు పట్టాలంటే ఆ గీతను కోసి, లోపలి చక్రం గూడును చీల్చి పెద్దది చేసి, పైన రెక్క బిగించాలి. ఒకసారి కోస్తే మళ్ళీ పుట్టదు. నేను రేకుపని చేసేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళ బండ్ల గీతలు ఎన్ని కోశానో లెక్కలేదు. నాది మాత్రం కోయనివ్వలేదు కినుయో.

ఏటా కొత్త సంవత్సరం సెలవుల్లో అడిగేవాణ్ణి. ఏటా అదే జవాబు.

"ఈ గీతను చూసే నిన్ను చేసుకున్నానయ్యా, నీ మొహం చూసి కాదు. నేను పోయాక కోసుకో. ఈలోపు చెయ్యి వేశావో, నీ వేళ్ళు కోస్తా."

ఇరవై తొమ్మిదేళ్ళు అన్నది ఆ మాట. మొన్న జనవరిలో ఆసుపత్రి మంచం మీద కూడా అడిగాను. గొంతు లేక, తల అడ్డంగా ఊపింది.

కోసేముందు కొలవాలి. బండిని ఖాళీగా నిలబెట్టి కొలిచి కోసేవాళ్ళు కొత్తవాళ్ళు. మనిషి వెనక కూర్చోగానే వెనకభాగం దిగి, టైరు రేకును రాస్తుంది. అందుకే గూడు లోపల మెత్తటి బంకమట్టి ముద్దలు అతికించి, వెనక సీట్లో బరువు పెట్టి, టైరు ఎక్కడ నొక్కుతుందో చూస్తాం. మా షెడ్డులో ఆ బరువు కినుయో. ఎవరి బండి వచ్చినా వెనక ఎక్కి, బియ్యపు అప్పడాలు కరకర నములుతూ, నేను ఎగరమంటే ఎగిరేది. ఇంత చాకిరీకి జీతమేదని సణిగేది.

ఇప్పుడు హతానో ముప్ఫై కిలోల బియ్యపు బస్తాలు రెండు సీట్లో పెట్టాడు. నేను పనిముట్ల పెట్టె ఒకటి తెచ్చి పక్కన పెట్టాను.

"అరవై చాల్లేరా," అన్నాడు.

"అరవై మూడు," అన్నాను.

"యాభై రెండని చెప్పేదిగా మా అందరితో?"

"మట్టి అబద్ధం చెప్పదు."

ఆసుపత్రిలో చివరిసారి తూచినప్పుడు ముప్ఫై ఎనిమిది. ఆ లెక్కకు కొలవబుద్ధి కాలేదు. బస్తాలు ఎగరవు కాబట్టి హతానో వెనక డిక్కీ మీద పడి కిందికి నొక్కాడు. మట్టి ముద్దలు మూడుచోట్ల నలిగాయి. ఆ గుర్తుల ప్రకారం బయటి రేకు మీద తెల్ల పెన్సిల్‌తో గీశాను.

గాలితో నడిచే రంపానికి గొట్టం తగిలించాను. హతానో చెవుల్లో దూది పెట్టుకున్నాడు. రంపం రేకుకు ఆనించాను కానీ మీట నొక్కలేదు. అలవాటు కొద్దీ నోట్లోంచి మాట వచ్చేసింది.

"మరి కోసెయ్యనా?"

హతానో దూది తీసి, నన్ను వింతగా చూశాడు.

"కొయ్యి. ఎవరు వద్దన్నారు?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. తల దించుకుని, నేలమీద లేని మరకను బూటుతో రుద్దాడు. నేను కాసేపు ఆగాను. షెడ్డు నా సొంతం, రంపం నా సొంతం, బండి కాగితాలు నా పేరునే ఉన్నాయి. నిజంగా కావాలనుకుంటే ఆ ఇరవై తొమ్మిదేళ్ళలో ఏ రోజైనా కోసి ఉండొచ్చు. ఆమె చేత వద్దనిపించుకోవడానికే ఏటా అడిగానని అప్పుడు తెలిసింది.

ఇంకా కాసేపు ఆగాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఎడమవైపు కోశాను. రేకు ముక్క టంగుమని నేలమీద పడింది. తర్వాత గొట్టం లాక్కుని కుడివైపుకు వెళ్ళాను.