నా బండికి పగులు లేదు

ఓరిన్ టాకెట్ తన చావుకి తానే కారణమని తేల్చడానికి కోర్టులో చదివింది నా ఉత్తరమే.

కౌంటీ కోర్టు హాలు కిటకిటలాడుతోంది. బ్రష్ క్రీక్ లోయలో బొగ్గు తోలే డ్రైవర్లందరం ఉతికిన చొక్కాలు వేసుకుని వెనక బల్లల మీద ఇరుక్కుని కూర్చున్నాం. టాలివర్ ట్రక్కుల కంపెనీ తరఫున వచ్చిన ప్రెంటిస్ అనే ఆయన గొంతు సవరించుకుని కంపెనీ పత్రిక తెరిచాడు.

"ఇది ఇదే లోయ మనిషి రాసింది. వినండి. 'పదకొండేళ్లుగా ఈ కొండల్లో బొగ్గు మోస్తున్నాను. ఐదు లక్షల మైళ్లు దాటాను. నా టాలివర్ ఒక్కసారి కూడా నన్ను మోసం చెయ్యలేదు. టాలివర్ విరిగిందంటే తప్పు బండిది కాదు, తోలినవాడిది.' సంతకం, వర్జిల్ స్టాంపర్."

విచారణాధికారి తల పంకించాడు. పది నిమిషాల్లో తేలిపోయింది. డ్రైవర్ నిర్లక్ష్యం వల్ల బండి వాగులో పడింది, డ్రైవర్ మరణించాడు. ఆ ముక్క టైపు చేసి ఓరిన్ భార్య డెల్ఫా చేతిలో పెట్టారు. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుని, మెట్ల దగ్గర నాకోసం ఆగింది.

"వర్జిల్, అది నువ్వు రాసిందేనా?"

"ఊఁ."

"బాగా రాశావు" అంది. అంతే. అంతకంటే చెప్పు తీసి కొట్టినా బాగుండేది.

మీకు నా సిగ్గు అర్థం కావాలంటే మా టాలివర్ సంగతి తెలియాలి. కంపెనీ పెట్టిన ముసలి టాలివర్, గనుల్లో కంచరగాడిదలకు నాడాలు కొట్టిన కమ్మరి. గని కూలితే ఒక కంచరగాడిద పదకొండు మందిని బయటికి లాగిందట. దాని గుర్తుగా పంతొమ్మిది వందల ఇరవై నాలుగులో ట్రక్కులు మొదలుపెట్టాడట. నిజమో కట్టుకథో నాకు తెలియదు. ఆ పదకొండు మంది పేర్లు మాత్రం ఎక్కడా రాసి లేవు, గాడిద బొమ్మ మాత్రం ప్రతి బండి ముక్కు మీదా ఉంది. మా నాన్న టాలివర్ తోలాడు. నేనూ తోలాను. వేరే కంపెనీ బండి కొన్నవాణ్ణి చర్చిలో పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లం కాదు.

ఐదు లక్షల మైళ్లు దాటినవాడికి కంపెనీవాళ్లు మామూలు గాడిద తీసేసి బంగారు పూత గాడిద బిగిస్తారు. నాకూ బిగించారు. ఆ రోజు నుంచి లోయలో నా పేరు బంగారు గాడిద. ఎకసెక్కమే అయినా లోలోపల మురిసిపోయేవాణ్ణి.

మమ్మల్ని వాళ్లు డ్రైవర్లు అనేవాళ్లు కారు. "టాలివర్ యజమానుల కుటుంబం" అని రాసేవాళ్లు. యజమాని! సూర్యుడు రాకముందే లేచి, చీకటి పడ్డాక దిగి, దగ్గితే నల్లటి కఫం ఊసేవాడు యజమాని! ఆ ఒక్క మాట మా మెడలో గంట కట్టింది. యజమాని అన్నవాడు తన బండిలో లోపం ఉందని ఒప్పుకుంటాడా? లోపం ఉందంటే కొనడం తెలియనివాడు, లేదా తోలడం చేతకానివాడు. అందుకే బండి విరిగితే ఎవడికివాడు షెడ్డు తలుపు మూసుకుని అతుకు వేసుకుని, పైన కంపెనీ ఆకుపచ్చ రంగు పూసేవాడు. ఇంట్లో ఆడవాళ్లకు కూడా చెప్పేవాళ్లం కాదు.

స్టీరింగ్ పెట్టెను బండి అడుగు చట్రానికి పట్టి ఉంచే ఇనప పట్టీ ఒకటుంటుంది, అరచేయంత. అది విరిగితే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి మాట వినదు. నా బండికి అది మూడుసార్లు పగిలింది. మూడుసార్లూ వెల్డింగ్ చేశాను. బంగారు గాడిద కోసం కంపెనీవాళ్లు బండి చూడటానికి వస్తున్నారంటే నాలుగోసారి కొత్తగా రంగు వేశాను.

ఇక అసలు సంగతి. ఓరిన్ పోవడానికి మూడు వారాల ముందు, బొగ్గు తూకం దగ్గర వరుసలో నిలబడి ఉండగా నా బండి దగ్గరికి వచ్చాడు. సిగ్గరి మనిషి. టోపీ చేత్తో తిప్పుతూ అడిగాడు.

"వర్జిలూ, నీదానికి స్టీరింగ్ పెట్టె దగ్గర ఎప్పుడైనా పగులు కనబడిందా?"

"నా గాడిదకా? ఛ! నువ్వు గుంతల్లో దూకిస్తున్నావేమోరా. బండి తోలుతున్నావా, కప్పని తోలుతున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఓరిన్ కూడా నవ్వాడు. చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ ఆ మాట ఎవరినీ అడగలేదు. నేను చెప్పిందే నిజమనుకున్నాడు కాబోలు.

డ్రైవర్లం దారిలో ఒకరితో ఒకరం మాట్లాడుకోవడానికి రేడియోలు పెట్టుకుంటాం. విచారణ అయిన నాలుగో రోజున డెల్ఫా ఓరిన్ రేడియోలో మాట్లాడింది. రోడ్డు మీద ఉన్న ప్రతి బండిలోనూ వినిపించింది.

"నేను ఓరిన్ పెళ్లాన్ని మాట్లాడుతున్నా. విరిగిన బండి మా పెరట్లో ఉంది. కంపెనీవాళ్లు ఊరికే తీసుకుపోతామంటున్నారు, చూస్తే నాకు బాధగా ఉంటుందట. నా బాధ నేను పడతాన్లెండి అన్నాను. ఆదివారం చర్చి అయ్యాక అందరూ రండి. తినడానికి ఏం తేవద్దు."

అందరూ గిన్నెలు పట్టుకునే వచ్చారు. చావు జరిగిన ఇంటికి ఉత్త చేతులతో పోవడం మాకు రాదు. పంతొమ్మిది మంది డ్రైవర్లం, ఎవరి బండిలో వాళ్లం, వెంట ఆడవాళ్లు. బీన్సు, మొక్కజొన్న రొట్టె, బంగాళాదుంపలు బల్ల మీద సర్దుతూ అందరం ఆ తుక్కు బండి వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్నాం. వంగి చూసినవాడు ఒక్కడు లేడు. తేలు కుట్టిన దొంగలం మేము.

డెల్ఫా కాసేపు చూసింది. తర్వాత చర్చికి వేసుకున్న గౌనుతోనే మట్టిలో వెల్లకిలా పడుకుని బండి కిందకి పాకింది. కింద నుంచి గొంతు వినిపించింది.

"ఇక్కడ ఇనప పట్టీ ఒకటి రెండు ముక్కలై ఉంది. ఒక అంచు కొత్తగా మెరుస్తోంది. ఇంకో అంచు తుప్పు పట్టి ఉంది. నాకు బళ్ల సంగతి తెలీదు. తుప్పు ఒక్క రోజులో పడుతుందా?"

మేము గిన్నెల మీద మూతలు సర్దుకున్నాం.

"పడుతుందా అని అడుగుతున్నా!"

"పడదమ్మా" అన్నాడు కార్బిట్. మా లోయలో అందరికంటే లావుపాటి మనిషి, అందరికంటే వాగుడుకాయ. ఆ రోజు గొంతు పీలగా వచ్చింది. "అది పాత పగులు. నాకు తెలుసు. నాది రెండుసార్లు పగిలింది."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"కంపెనీకి రాశాను. 'ఇలాంటి ఫిర్యాదు మరే యజమాని నుంచీ మాకు రాలేదు' అని జవాబిచ్చారు. నాకొక్కడికే అనుకున్నా. చెప్పుకుంటే పరువు పోతుందనుకున్నా."

"నాకూ అదే ముక్క రాశారు" అన్నారు వెనక నుంచి ఎవరో.

"నాకూ."

"మరే యజమాని నుంచీ రాలేదు... అక్షరం తేడా లేదు!"

తిలాపాపం తలా పిడికెడు. ఓరిన్ చావులో మా అందరి గుప్పెళ్లూ ఉన్నాయి. ఒకడి తర్వాత ఒకడు తన బండి కిందకి దూరి, గోటితో ఆకుపచ్చ రంగు గీకాడు. పంతొమ్మిది బళ్లలో పద్నాలుగింటికి పగులో, అతుకో ఉంది.

"నాదీ పగిలింది" అన్నాను. అది మాత్రమే అన్నాను. తూకం దగ్గర ఓరిన్ నన్ను అడిగిన సంగతి నాలుక చివరిదాకా వచ్చింది, డెల్ఫా గౌను మీద మట్టి చూసి మింగేశాను. ఆ రోజు తూకం దగ్గర విన్నవాళ్లలో కొందరు పక్కనే ఉన్నారు. వాళ్లూ నేల చూపులే చూశారు.

తర్వాత వాదులాట మొదలైంది. అందరం కలిసి ఉత్తరం రాద్దామని ఒకడు. "ఉత్తరాలు చాలు, పొయ్యిలోకి వేసి కాలుద్దాం" అని ఇంకొకడు. బొగ్గు తోలడం ఆపేద్దామంటే, "మనం ఆపితే రైలు మోస్తుంది, కంపెనీకేం నొప్పి" అన్నాడు కార్బిట్. కొత్త పట్టీలు ఊరికే వేయించుకుంటే చాలు కదా అని ఒక పెద్దాయన గొణిగాడు.

డెల్ఫా ఆ టైపు కాగితం ఎత్తి చూపించింది. "మీకు పట్టీలు చాలేమో. నా ఇద్దరు పిల్లలకి వాళ్ల నాన్న ఒళ్లు తెలీకుండా తోలి చచ్చాడని రాసిచ్చారు. నాకు ఈ ముక్క కొట్టేయాలి. ఎవరు రాయించారో వాళ్ల చేతే కొట్టేయించాలి."

అప్పుడు నేను జేబులోంచి ఆహ్వానపత్రం తీశాను. కంపెనీకి యాభై ఏళ్లు నిండుతున్నాయి. ఒహాయో నది ఒడ్డున ఫ్యాక్టరీ ఊళ్లో వేడుక. యజమానుల కుటుంబమంతా బళ్లతో ఊరేగాలి. ముందు బండి నాది. వేదికెక్కి నా ఉత్తరం నేనే చదవాలి.

"ఈ దరిద్రపు గాడిదని పీకి పారేస్తా" అన్నాను.

"పీకొద్దు" అంది డెల్ఫా. "గేటు దాకా మనల్ని తీసుకెళ్లేది అదే. నేను నీ పక్కనే కూర్చుంటా."

రెండు వందల మైళ్లు. దారి పొడుగునా ఆమె ఆ టైపు కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను చెబుదామని నాలుగుసార్లు నోరు తెరిచాను. నాలుగుసార్లూ గేరు మార్చాను.

ఎండ చుర్రుమంటోంది. బ్యాండు వాయిస్తున్నారు. ఫ్యాక్టరీ పనివాళ్లను పెళ్లాం పిల్లలతో సహా పిలిపించి, రోడ్డుకి రెండు వైపులా చిన్న జెండాలు ఇచ్చి నిలబెట్టారు. మా పంతొమ్మిది బళ్లూ గేటు ముందుకి వచ్చి, రోడ్డుకి అడ్డంగా, ముక్కుకి తోక తగిలేలా నిలిచాయి. ఇంజన్లు ఆపాం. బ్యాండు మాత్రం ఇంకా వాయిస్తూనే ఉంది.

ప్రెంటిస్ వేదిక మీద నుంచి చెయ్యి ఊపాడు. "రావాలి వర్జిల్, రావాలి! ఇదిగో, మన కుటుంబానికి పెద్ద!"

మెట్లెక్కాను. ఆయన పత్రిక నా చేతిలో పెట్టి, చెవిలో అన్నాడు. "బళ్లు కొంచెం పక్కకి తీయించండి. మీ పట్టీ సంగతి నాకు తెలిసింది. మీదొక్కటీ సోమవారం మార్పించేస్తాం. ఎవరికీ తెలియనక్కర్లేదు."

మీదొక్కటీ! పదకొండేళ్లు మమ్మల్ని ఆడించిన మాట అదే. మైకు దగ్గరికి వెళ్లాను. ఎదురుగా డెల్ఫా నిలబడి ఉంది.

"ఈ ఉత్తరం రాసింది నేనే. ఇది అబద్ధం. నా బండికి మూడుసార్లు పగిలింది, రంగు పూసి దాచాను." గుంపు కదిలింది. "అది చిన్న అబద్ధం. పెద్దది ఇంకోటి ఉంది. ఓరిన్ టాకెట్ చచ్చిపోవడానికి మూడు వారాల ముందు నా దగ్గరికొచ్చి, నీదానికి పగులుందా అని అడిగాడు. లేదన్నాను. పదిమందిలో ఎగతాళి చేశాను. ఉందని చెప్పి ఉంటే ఇంటికెళ్లి బండి కింద చూసుకునేవాడు. నిర్లక్ష్యం అతనిది కాదు. కంపెనీది. దానికి కాపలా కాసింది నేను."

మైకు ఆపేశారు. మిగతాది అరిచి చెప్పాను. "పగిలిన బళ్లు పద్నాలుగున్నాయి ఇక్కడ! ఎవరైనా సరే, వంగి చూడండి!"

వేదిక దిగేసరికి డెల్ఫా ఎదురొచ్చింది. ముఖం తెల్లగా పాలిపోయింది.

"దారంతా పక్కనే కూర్చున్నావు. అప్పుడు చెప్పలేకపోయావా?"

"భయమేసింది."

"నిన్ను క్షమించను వర్జిల్. ఎప్పటికీ క్షమించను. ముందు బండి కిందకి పద, పోలీసులొస్తున్నారు."

అప్పటికే కార్బిట్ తన బొజ్జతో తంటాలుపడుతూ బండి కిందకి దూరుతున్నాడు. "కొంచెం నెట్టండ్రా, సగమే పట్టాను!" పంతొమ్మిది మందిమీ పడుకున్నాం. పగులున్న ప్రతివాడూ టార్చి లైటు వేసి తన బండి పగులు మీద పెట్టాడు. జనం మోకాళ్ల మీద కూర్చుని చూడటం మొదలుపెట్టారు. పిల్లలు ముందు, పెద్దలు తర్వాత.

నా బండి పక్కన ఒకాయన వంగాడు. కంపెనీ నీలం చొక్కా, జేబు మీద హ్లాడిక్ అని కుట్టి ఉంది. పగులు చూసి జెండా కింద పడేశాడు.

"ఇది నా చేత్తో కొట్టిన పట్టీ" అన్నాడు. "అరవై రెండులో పల్చటి రేకిచ్చారు. ఇది ఆగదయ్యా అన్నాం. నోరు మూసుకుని పని చెయ్యమన్నారు. మూసుకున్నాం."

"మేమూ మూసుకున్నాం" అన్నాను.

ఆయన ఇంకేదో అనబోయేలోగా నా చీలమండలు ఎవరో పట్టుకున్నారు. వీపు రోడ్డు మీద గీరుకుంటూ బయటికొచ్చాను. చేతులు వెనక్కి విరిచారు. డెల్ఫాని ఇద్దరు పోలీసులు మోసుకొచ్చి నా పక్కనే వ్యాన్‌లో పడేశారు. కార్బిట్‌ని లాగడానికి నలుగురు పట్టారు.

"వేడుక అయిపోయింది, ఖాళీ చేయించండి!" అని ప్రెంటిస్ అరుస్తున్నాడు.

ఖాళీ కాలేదు. వ్యాన్ జాలీలోంచి చూశాను. నన్ను లాగేసిన చోట, నా బండి కింద, నీలం ప్యాంటు కాళ్లు రెండు కనబడుతున్నాయి. కార్బిట్ బండి కింద ఇంకో జత, దాని పక్కన ఒక ఆడమనిషి కాళ్లు. ఫ్యాక్టరీ మనుషులు జెండాలు రోడ్డు మీద వదిలేసి ఒక్కొక్కరే వచ్చి పడుకుంటున్నారు. ఒక్కో బండి కిందా ఇద్దరు, ముగ్గురు.

డెల్ఫా జాలీకి ముఖం ఆనించి పెద్దగా అరిచింది. "అతని పేరు ఓరిన్ టాకెట్! గుర్తుపెట్టుకోండి!"

బళ్ల కింద నుంచి, ఎప్పుడూ ఓరిన్ ముఖం చూడని మనుషులు ఆ పేరు తిరిగి అరిచారు. వ్యాన్ కదిలింది. మలుపు తిరిగినా వాళ్ల గొంతులు వినబడుతూనే ఉన్నాయి.